నీతి అంటే ఏమిటి, అది మన నడవడికను ఎలా నడిపిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నీతి అంటే సూటిగా ఏమిటి?

మనం చేసే పనుల వల్ల ఇతరులకు మేలో కీడో జరుగుతుంది. ఆ మేలుకీడులను లెక్కలోకి తీసుకుని, ఇది చేయవచ్చా, కూడదా, తప్పక చేయాలా అని తేల్చుకునే పద్ధతే నీతి. చాలామంది దీన్ని చేయకూడని పనుల చిట్టా అనుకుంటారు. అబద్ధం ఆడకు, దొంగతనం చేయకు, మాట తప్పకు. చిట్టా మంచిదే, కానీ అందులో లేని పరిస్థితి ఎదురైన రోజున అది చేతులెత్తేస్తుంది. నా మటుకు నేను పట్టుకున్న గీటురాయి ఒకటుంది. నా పని వల్ల దెబ్బతినే మనిషి ఎదురుగా కూర్చుని "ఎందుకిలా చేశావు?" అని అడిగితే, తల దించుకోకుండా చెప్పగలిగే కారణం నా దగ్గర ఉందా? ఉన్నంత మాత్రాన ఆ పని సరైనదని రుజువైపోదు. లేదంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతోందనే అర్థం. కింది జవాబుల్లో చాలాచోట్ల ఈ గీటురాయి కనిపిస్తుంది.

నీతులు, నీతిశాస్త్రం ఒకటేనా?

కాదు. నీతులు మనం పాటించేవి, లేదా పాటిస్తున్నామని చెప్పుకునేవి. వాటిని నిలదీసి, ఎందుకు పాటించాలో, ఎంతవరకు పాటించాలో అడిగేది నీతిశాస్త్రం. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు ఉన్నాయని మనవాళ్ళు ఎగతాళి చేసేది మొదటి దాన్ని. రెండోదానితో ఆ గొడవ తక్కువ. అది ముందు మనల్నే ప్రశ్నిస్తుంది.

చట్టం ఉంది కదా, మళ్ళీ నీతి ఎందుకు?

చట్టం కనీసపు హద్దు మాత్రమే గీస్తుంది. స్నేహితుడు నమ్మి చెప్పిన విషయాన్ని నలుగురిలో పెట్టి నవ్వించారనుకోండి, ఏ పోలీసూ మీ ఇంటికి రాడు. అయినా మీరు చేసింది తప్పే.

ఒక్కోసారి చట్టమే తప్పు పక్షాన నిలబడుతుంది. అమెరికాలో 1850లో తెచ్చిన చట్టం ప్రకారం, పారిపోయి వచ్చిన బానిసకు ఆశ్రయం ఇవ్వడం నేరం, పట్టి అప్పగించడం విధి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష దశాబ్దాల పాటు నడిచింది రౌడీల మీద కాదు, చట్టాల మీద. అలాంటప్పుడు "చట్టప్రకారమే చేశాను" అన్న మాట ఎవరికి చెప్పుకోవడానికి?

అలాగని నచ్చని చట్టాన్నల్లా తీసిపారేయమని కాదు. చాటుగా తప్పించుకోవడం వేరు, అందరి ముందూ ఉల్లంఘించి శిక్షకు సిద్ధపడటం వేరు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో రాజద్రోహం కేసు విచారణకు వచ్చినప్పుడు గాంధీ నేరం ఒప్పుకుని, గరిష్ఠ శిక్షే వేయమని న్యాయమూర్తిని కోరారు. ఆరేళ్ళ జైలు పడింది. పన్ను ఎగ్గొట్టి "నాదీ శాసనోల్లంఘనే" అనేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

దేవుణ్ణి నమ్మకపోతే నీతి ఉండదా?

ఉంటుంది. ఈ ప్రశ్న చాలా పాతది. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ ఇలా అడుగుతాడు: దేవతలకు ఇష్టం కాబట్టి ఒక పని పవిత్రమైందా, లేక అది పవిత్రమైంది కాబట్టే దేవతలకు ఇష్టమా? మొదటిదే నిజమైతే, వాళ్ళకు రేపు క్రూరత్వం ఇష్టమైతే క్రూరత్వమే మంచిదైపోతుంది. రెండోది నిజమైతే మంచికి దాని కారణాలు దానికే ఉన్నాయి, వాటిని భక్తుడూ నాస్తికుడూ ఇద్దరూ వెతకవచ్చు.

మతాలకు ఇందులో పాత్ర లేదని దీనర్థం కాదు. ఇతరులు చేస్తే మనకు బాధ కలిగించే పనిని మనం ఇతరులకు చేయకూడదన్న సూత్రం మహాభారతంలో ఉంది, తిక్కన దాన్ని పరమధర్మ పథాలన్నిటికీ ఆధారమన్నాడు. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ ఇదే చెప్పాడు, యూదు గురువు హిల్లెల్ ఇదే చెప్పాడు, ఏసుక్రీస్తు దీన్నే "మీకు ఎలా చేయాలని కోరుకుంటారో అలా చేయండి" అని తిప్పి చెప్పాడు.

ఒక పని మంచిదో కాదో తేల్చేదెలా?

ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకే ఉదాహరణ మీద మూడూ పెట్టి చూద్దాం. మీ స్నేహితుడికి ఆసుపత్రిలో మందుల స్టాకు చూసే ఉద్యోగం దొరికేలా ఉంది. "బాగా పనిచేస్తాడని నాలుగు ముక్కలు రాసివ్వరా, నీ మాటకు విలువుంది" అని మీ దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఇబ్బంది, ఉద్యోగం అత్యవసరం. లెక్కల్లో, తేదీల్లో అతనెంత అజాగ్రత్త మనిషో మీకు బాగా తెలుసు.

మొదటి దారి ఫలితాన్ని చూస్తుంది. ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంతో ఇది ఒక సిద్ధాంతంగా నిలబడింది, తర్వాత జాన్ స్టూవర్ట్ మిల్ దానికి సానపట్టాడు. సంబంధం ఉన్న వాళ్ళందరి సుఖదుఃఖాలనూ లెక్కవేయి, ఎక్కువ మేలు ఎటు ఉంటే అటు నడు. లేఖ రాస్తే స్నేహితుడి ఇల్లు గడుస్తుంది. కానీ గడువు తీరిన మందు ఒక్కటి రోగికి చేరితే? మీకు ముఖమైనా తెలియని ఆ రోగి కూడా లెక్కలో ఉంటాడు, స్నేహితుడితో సమానంగా ఉంటాడు. ఈ దారిలో నాకు నచ్చేది అదే. నచ్చనిది కూడా ఉంది. కూడికలో లాభం తేలితే చాలు, వ్రతం చెడ్డా ఫలం దక్కిందని సరిపెట్టుకుని, కొద్దిమందిని బలిపెట్టడానికి సైతం ఇది సంతకం పెట్టేస్తుంది.

రెండో దారి జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్‌ది, 1785 నాటిది. నువ్వు చేసే పనిని అందరూ చేస్తే ఏమవుతుందో చూడమంటాడు. అందరూ స్నేహితుల కోసం అబద్ధపు సిఫారసులు రాస్తే సిఫారసు అన్నదాన్నే ఎవరూ నమ్మరు, మీ లేఖ కూడా చిత్తుకాగితమే. దీనికి ఇంకో ముఖం ఉంది. ఆ లేఖ చదివే అధికారి తన బుద్ధితో నిర్ణయం తీసుకోవలసిన మనిషి. అతనికి తప్పుడు సమాచారం ఇచ్చారంటే అతన్ని మీ పని జరిపించుకునే పనిముట్టుగా వాడుకున్నట్టే. మనిషిని కేవలం సాధనంగా వాడకూడదన్నది కాంట్ ఆలోచనకు గుండెకాయ.

మూడోది అరిస్టాటిల్ దారి, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటిది. అతను పనికంటే ముందు మనిషిని చూస్తాడు. ధైర్యమంటే పిరికితనానికీ తెగింపుకూ నడుమ ఉండేది. ఉదారత పిసినారితనానికీ దుబారాకూ నడుమ ఉండేది. ఎక్కడ ఎంత అన్నది సూత్రం చెప్పదు, అలవాటైన వివేకం చెబుతుంది. నిజాయితీ, ఆప్యాయత రెండూ ఉన్న మనిషి ఈ సందర్భంలో ఏం చేస్తాడు? బహుశా స్నేహితుణ్ణి కూర్చోబెట్టి "ఈ పనికి నేను రాయలేను రా, నీకు చేతనైన ఇంకో పని చూద్దాం, దానికి మనసారా రాస్తాను" అంటాడు. ఆ మాట అనడం కష్టం. అతను అలుగుతాడు కూడా.

ఇంకొక కోణాన్ని 1982లో కారల్ గిల్లిగన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు బలంగా ముందుకు తెచ్చింది. నీతి గురించిన చర్చలన్నీ హక్కులు, నియమాల చుట్టూనే తిరుగుతున్నాయనీ, ఫలానా మనిషితో మనకున్న బంధం, అతని బాధ్యత మన మీద ఎంత అన్నవి వెనక్కి పోతున్నాయనీ ఆమె వాదన. పై ఉదాహరణలో "రాయను" అని ఫోన్ పెట్టేయడానికీ, ఇంకో ఉద్యోగం వెతికిపెట్టడానికీ మధ్య దూరం ఈ కోణంలో బాగా కనిపిస్తుంది.

ఈ దారులు తలో మాట చెబితే?

చాలా సందర్భాల్లో అవి కలిసే ఉంటాయి, పై ఉదాహరణలో లాగానే. విడిపోయినప్పుడు ఏదో ఒక సిద్ధాంతం జెండా పట్టుకోవాలన్న నియమం లేదు. ఏ దారి అయితే మీకు సులువుగా, లాభంగా ఉందో దాన్నే ప్రతిసారీ ఎంచుకుంటున్నారేమో చూసుకోండి. సోమవారం ఫలితవాదిగా, మంగళవారం నియమవాదిగా మారేవాళ్ళను నేను చాలామందిని చూశాను. రెండు రోజులూ నిర్ణయం వాళ్ళకే అనుకూలంగా వస్తుంది.

అబద్ధం ఎప్పుడైనా సరే తప్పేనా?

కాంట్ ప్రకారం ఎప్పుడూ తప్పే. హంతకుడు తలుపు తట్టి, లోపల దాక్కున్న మీ మిత్రుడి గురించి అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడు. కాంట్‌ను గౌరవించేవాళ్ళలో కూడా చాలామంది ఇక్కడ ఆయనతో విభేదిస్తారు. నేనూ అంతే. చంపడానికి వచ్చినవాడికి మన దగ్గర నిజం వినే హక్కు ఏముంది?

దీనికి అవతలి కొసన ధర్మరాజు ఉన్నాడు. "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, చచ్చింది ఏనుగన్న సంగతి మెల్లగా గొణిగాడు. అక్షరాలా చూస్తే అబద్ధం లేదు. అయినా అప్పటిదాకా నేలకు తగలకుండా నడిచిన అతని రథం ఆ మాటతో నేల మీద పడిందని కథ. మోసం మాటల్లో ఉండదు, ఎదుటివాడి మనసులో తప్పుడు నమ్మకం నాటాలన్న ఉద్దేశంలో ఉంటుందని ఆ కథ చెప్పినవాడికి బాగా తెలుసు. "నేను అబద్ధం చెప్పలేదు, అడగలేదు కాబట్టి చెప్పలేదంతే" అని ఇల్లు అమ్మేటప్పుడు గోడ పగులు దాచేవాళ్ళది కూడా ఇదే బాపతు.

గీటురాయి ఇక్కడ బాగా పనిచేస్తుంది. హంతకుడు తర్వాత వచ్చి ఎందుకు చెప్పలేదని అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. ఇల్లు కొన్న మనిషి వచ్చి అడిగితే?

ట్రాలీ సమస్య అంటారే, అదేమిటి?

బ్రేకులు పనిచేయని బండి ఐదుగురి మీదికి వెళ్తోంది. పక్క పట్టా మీదికి మళ్ళిస్తే ఒక్కరే చనిపోతారు. మళ్ళిస్తారా? 1967లో ఫిలిప్పా ఫుట్ అనే తత్వవేత్త ఒక వ్యాసంలో దీన్ని ప్రస్తావించింది. తర్వాత దీనికి బోలెడు రూపాలు పుట్టాయి. చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఉందా అని ఆలోచించడానికి పనికొస్తుంది. కానీ నీతి అనగానే జనానికి ఈ బండే గుర్తుకురావడం నాకు నచ్చదు. నిజజీవితంలో మన ముందుకు వచ్చేది పట్టాలూ బండీ కాదు. "పాత తేదీ వేసి సంతకం పెట్టండి, ఆడిట్‌కు కావాలి, ఐదు నిమిషాల పని" అంటూ బల్ల మీదికి వచ్చే కాగితం. వెనక ఇద్దరు సహోద్యోగులు నిలబడి ఉంటారు, వాళ్ళు ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటారు, పెన్ను మూత కూడా తీసి మీ చేతికిస్తారు.

మంచివాళ్ళు కూడా తప్పులెందుకు చేస్తారు?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. తప్పు చేసేవాళ్ళంతా చెడ్డవాళ్ళే అనుకుంటే మన గురించి మనం బెంగపడక్కర్లేదు. తెలిసిన సంగతులు అలా లేవు.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించిన ప్రయోగం చూడండి. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతగురువులుగా శిక్షణ పొందుతున్న విద్యార్థులను పక్క భవనంలో ప్రసంగించమని పంపారు. దారిలో ఒక మనిషి తలుపు దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. అతను ప్రయోగంలో భాగమే, ఆ సంగతి విద్యార్థులకు తెలియదు. కొందరు మాట్లాడబోయేది బైబిల్‌లో దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి కథ గురించే. ఆగి సాయం చేసేదెవరో ఆ ప్రసంగ విషయాన్ని బట్టి తేలలేదు. తొందరను బట్టి తేలింది. తీరుబడిగా ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగారు. "ఆలస్యమైపోయింది, త్వరగా వెళ్ళండి" అని పంపినవాళ్ళలో 10 శాతమే ఆగారు.

ఇంకోటి పై అధికారి మాట. 1960ల మొదట్లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగంలో, జవాబు తప్పు చెప్పినప్పుడల్లా అవతలి గదిలోని మనిషికి కరెంటు షాక్ ఇవ్వమన్నారు. మీటలు 15 వోల్టులతో మొదలై పదిహేనేసి పెరుగుతూ 450 దాకా ఉన్నాయి. షాకులు ఉత్తుత్తివే, మీట నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. 1963లో ప్రచురించిన ఫలితాల్లో 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్ళారు. వాళ్ళు రాక్షసులేం కాదు. చెమటలు పట్టాయి, గొంతు వణికింది, ఆపేద్దామా అని అడిగారు. ఆపకూడదని కోటు వేసుకున్న పెద్దమనిషి చెబితే మళ్ళీ మీట నొక్కారు. 15 వోల్టుల తేడా ప్రతిసారీ చిన్నదే మరి. నిన్న 150 నొక్కినవాడికి ఇవాళ 165 ఏమంత?

అదే ప్రయోగంలో పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అని లేచిపోయేలా ఏర్పాటు చేసినప్పుడు, చివరిదాకా వెళ్ళినవాళ్ళు 40 మందిలో నలుగురే. ఒకరు కాదంటే పక్కవాళ్ళకు గొంతు వస్తుంది. ఇదంతా తెలుసుకోవడానికి మనుషులను అంత టెన్షన్ పెట్టి మోసం చేయవచ్చా అన్నది వేరే ప్రశ్న, దాని మీద మిల్‌గ్రామ్‌ను గట్టిగానే నిలదీశారు.

మూడోది మాట మార్చుకోవడం. 1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన సంస్థ ఇంజినీర్లు ఫోన్ సమావేశంలో వద్దన్నారు. మర్నాటి చలికి అతుకుల దగ్గరి రబ్బరు రింగులు సరిగా మూసుకోవని రోజర్ బోయిజోలీ, ఇంకొందరు కాగితాలు ముందు పెట్టుకుని వాదించారు. నాసా అధికారులు విసుక్కున్నారు. సంస్థ వాళ్ళు కాసేపు విడిగా మాట్లాడుకుంటామన్నారు. అక్కడ ఒక పై అధికారి, ఇంజినీరింగ్ విభాగం పెద్దతో "ఇంజినీరు టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో" అన్నాడు. తిరిగి ఫోన్‌లోకి వచ్చేసరికి సంస్థ మాట మారింది. మర్నాడు ప్రయోగించిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, ఏడుగురు పోయారు. ఆ గదిలో ఎవరూ హత్య చేస్తున్నామనుకోలేదు. నిర్ణయం అందరిదీ, తిలాపాపం తలా పిడికెడు.

"పైవాళ్ళు చెప్పారు, చేశాను" అంటే సరిపోతుందా?

సరిపోదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణలో నాజీ నాయకులు ఇదే వాదన చేశారు. ఆ తీర్పుల నుంచి ఐక్యరాజ్యసమితి న్యాయ సంఘం 1950లో క్రోడీకరించిన సూత్రాల్లో ఒకటి ఏమంటుందంటే, వేరే దారి ఎంచుకునే వీలు నిజంగా ఉన్నప్పుడు, ఆజ్ఞ పాటించానన్నది బాధ్యత నుంచి తప్పించదు. "వీలు నిజంగా ఉన్నప్పుడు" అన్న ముక్కను వదలకండి. తలకు తుపాకీ పెట్టి చేయించిన పనికీ, ప్రమోషన్ పోతుందని చేసిన పనికీ ఒకే తూకం పనికిరాదు.

సమాజానికో నీతి ఉన్నప్పుడు, ఎవరిది సరైనదని ఎలా చెబుతాం?

మర్యాదలు, దుస్తులు, పలకరింపులు మారితే మారనివ్వండి. కానీ "వాళ్ళ ఆచారం వాళ్ళది" అని అన్నిటికీ అనేస్తే, బానిసత్వం నిర్మూలించినవాళ్ళు తప్పు చేశారనాలి, ఎందుకంటే వాళ్ళు తమ సమాజపు ఆచారాన్నే ఎదిరించారు. ఆచారం గురించి మాట్లాడేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో కూడా చూడాలి. దాని వల్ల లాభపడేవాళ్ళనా, నలిగేవాళ్ళనా మనం అడిగింది?

వృత్తులకు ప్రత్యేకంగా నియమాలెందుకు?

వైద్యుడికీ రోగికీ మధ్య తెలివిలో కాదు, తెలిసినదాంట్లో తేడా ఉంటుంది. ఆ తేడాను వాడుకోవడం చాలా తేలిక. అమెరికాలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్య విభాగం 1932లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సుమారు 600 మంది నల్లజాతి పురుషులు, వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ వ్యాధి. వాళ్ళకు రోగం పేరు చెప్పలేదు, "చెడు రక్తం" అన్నారు. 1940ల్లో పెన్సిలిన్ మంచి మందుగా స్థిరపడ్డాక కూడా ఇవ్వలేదు, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా, 40 ఏళ్ళు. అప్పటికి మనుషుల మీద చేసే ప్రయోగాలకు హద్దులు పెట్టిన న్యూరెంబర్గ్ నియమావళి వచ్చి పాతికేళ్ళయింది, అందులో మొట్టమొదటి నియమమే స్వచ్ఛంద సమ్మతి. అంటే గోడకు నియమం వేలాడుతుంటే సరిపోదు, దాన్ని అడిగే మనిషి కావాలి. టస్కీగీ తర్వాతే అక్కడ పరిశోధనలకు ముందస్తు తనిఖీ, సమ్మతి నిబంధనలు బిగించారు. 1979లో వచ్చిన బెల్మాంట్ నివేదిక మనుషుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అని మూడు సూత్రాలు పెట్టింది.

కంప్యూటర్ నిర్ణయం తీసుకుంటే తప్పెవరిది?

దాన్ని వాడుకున్న మనుషులది. అప్పు దరఖాస్తు తిరస్కరించి "సిస్టమ్ వద్దంది" అనడం జవాబు కాదు. దరఖాస్తు పెట్టుకున్న మనిషికి కారణం చెప్పలేని చోట ఆ యంత్రానికి నిర్ణయం వదిలేయడమే అసలు తప్పు.

పిల్లలకు నీతి ఎలా నేర్పాలి?

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ సామెతతో నాకు సగమే ఒప్పుదల. అలవాటు చిన్నప్పుడే పడాలన్నది నిజం. వంచడమే నేర్పడమన్నది నిజం కాదు. కొడతారని అబద్ధం మానిన పిల్లవాడు, కొట్టేవాళ్ళు లేనిచోట అబద్ధం ఆడతాడు. "నువ్వు అలా అంటే చెల్లి ఎందుకు ఏడ్చిందంటావ్?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి. ఇంకోటి, ఫోన్ మోగినప్పుడు "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని వాడితో అనిపించకండి. కథల పుస్తకాలన్నీ కలిసి నేర్పినదాన్ని ఆ ఒక్క వాక్యం తుడిచేస్తుంది.

నీతిగా ఉంటే నష్టపోతాం కదా?

ఒక్కోసారి నష్టపోతాం. లేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఛాలెంజర్ ప్రయోగం వద్దన్న బోయిజోలీ, ఆ తర్వాత విచారణ సంఘానికి ఉన్నదున్నట్టు చెప్పినందుకు సంస్థలో ఒంటరివాడయ్యాడు, చివరికి ఉద్యోగమే వదులుకున్నాడు. 1988లో శాస్త్రవేత్తల సంఘం అవార్డిచ్చింది, అది ఆ నష్టానికి సరితూగిందని నేననుకోను. కనిపించకుండా చేసే ఉంగరం దొరికితే ఎవడైనా న్యాయంగా ఉంటాడా అని ప్లేటో గ్రంథంలో గ్లాకన్ అడుగుతాడు. దానికి నా దగ్గర అందరినీ ఒప్పించే జవాబు లేదు. కానీ నమ్మకం లేనిచోట ప్రతి మాటకూ కాగితం, ప్రతి కాగితానికీ సాక్షి కావాల్సి వస్తుంది. నీతి లేకపోవడానికి కూడా ఖరీదుంది, అది మనం రోజూ కడుతూనే ఉన్నాం.

తప్పు చేశాక ఏం చేయాలి?

ఏం చేశారో దాని పేరుతో చెప్పండి. "నా మాటల వల్ల నొచ్చుకుని ఉంటే క్షమించండి" అన్నది క్షమాపణ కాదు, నొచ్చుకున్నందుకు అవతలివాళ్ళనే తప్పుపట్టడం. తర్వాత పోయినదాన్ని పూడ్చండి, డబ్బయితే డబ్బు, పరువయితే పోయిన చోటే నలుగురి ముందు. క్షమించడం వాళ్ళ ఇష్టం, గడువు పెట్టకండి.

సహోద్యోగి తప్పు చేస్తున్నట్టు తెలిస్తే చెప్పాలా?

ముందు మీకు తెలిసిందేమిటో, అనుకుంటున్నదేమిటో విడదీసుకోండి. ఎవరి ప్రాణానికీ వెంటనే ముప్పు లేకపోతే మొదట ఆ మనిషినే అడగడం మంచిది, సగం గొడవలు అపార్థాలుగా తేలిపోతాయి. ముప్పు ఉంటే ఆ మర్యాద కోసం ఆగకండి. తేదీలు వేసి ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోండి. ఒంటరిగా వెళ్ళే ముందు, అదే చూసిన ఇంకొకరు ఉన్నారేమో కనుక్కోండి. పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు తీసుకుంటామని సంస్థ అంటే, ఆ ఫిర్యాదు మొదట ఎవరి బల్ల మీదికి వెళ్తుందో తెలుసుకున్నాకే పంపండి. కొన్నిసార్లు అది మీరు ఫిర్యాదు చేస్తున్న మనిషి బల్లే అవుతుంది.